సంతకం కుదరని వయసు

బ్యారేజీ గేట్లు ఎత్తారు. ఊళ్ళో సగం మంది వరద చూడటానికి వెళ్ళారు, మిగతా సగం మా బ్యాంకుకు వచ్చారు.

ఆగస్టు నెల మాకెప్పుడూ ఇంతే. కౌన్సెలింగులు ముగిసి పిల్లలు హాస్టళ్ళలో చేరే వేళ. మా శాఖ విజయవాడ గవర్నరుపేటలో, బీసెంటు రోడ్డుకు నాలుగడుగుల దూరంలో ఉంది. కాబట్టి బకెట్టు, దుప్పటి, తాళంకప్ప, దోమల బ్యాటు కొనేసి, ఆ సంచులతోనే మా దగ్గరికి వస్తారు. బ్యాంకు ఖాతా జాబితాలో చివరి పని. సంచులన్నీ కౌంటరు ముందు పేర్చి, ప్లాస్టిక్ కవరులోంచి ఆధార్, పాన్, ఫొటోలు తీసి నా ముందు పరుస్తారు. కవరు ఎప్పుడూ తండ్రి చేతిలోనో తల్లి చేతిలోనో ఉంటుంది. పిల్ల చేతిలో ఫోను ఉంటుంది.

"నీ పేరేమిటమ్మా?" అని పిల్లను అడిగితే తల్లి చెబుతుంది. పుట్టిన తేదీ అడిగితే తండ్రి చెబుతాడు. ఏం చదవబోతున్నావంటే ఇద్దరూ కలిసి చెబుతారు. ఈఏపీసెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలకు జవాబులు పెట్టి వచ్చిన పిల్ల, వాళ్ళిద్దరి వంకా చూసి అవునన్నట్టు తలూపుతుంది.

నేను చేసేది ఒకటే. ఫారాన్నీ పెన్నునూ పిల్ల వైపు జరుపుతాను. "నువ్వే నింపు, తప్పు పోతే ఇంకో ఫారం ఇస్తాను" అంటాను. ఫారాలకు మా దగ్గర కరువు లేదు. ఇవాళ ఒక తండ్రి నొచ్చుకున్నారు. "నేనైతే రెండు నిమిషాల్లో నింపేస్తానండీ, మీకూ పని తెములుతుంది" అన్నారు. నిజమే, తెములుతుంది. వాళ్ళబ్బాయికి పది నిమిషాలు పట్టింది. శాశ్వత చిరునామా అన్నచోట హాస్టలు గది నంబరు రాశాడు. కొట్టేయించి ఇంకో ఫారం ఇచ్చాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ.

తరవాత సంతకం. పద్దెనిమిదేళ్ళకు ఎవరికీ సంతకం కుదరదు. పాపం, ఎక్కడ పెట్టి ఉంటారు? హాల్‌టికెట్టు మీద తప్ప వాళ్ళ సంతకం అడిగినవాళ్ళే లేరు. ఒకమ్మాయి నోటు పుస్తకం అట్ట మీద రాసినట్టు గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాసింది. ఇంటిపేరు దగ్గరికి వచ్చేసరికి గడి అయిపోయింది, చివరి రెండక్షరాలు కిందికి దిగాయి. రెండో గడిలో చోటు సరిపోవాలని అక్షరాలు కుదించింది. మూడోది ఆ రెంటికీ పోలిక లేకుండా వచ్చింది. పాత వోచరు ఒకటి తిరగేసి ఇచ్చి, చేయి తిరిగేదాకా దీని మీద పెట్టుకో అన్నాను. పక్క కుర్చీలో కూర్చుని వోచరు నిండా పెట్టింది. మొదట్లో సాగదీసిన పేరు పోనుపోను పొట్టిదై, చివరి వరుసకు వచ్చేసరికి కింద ఒక గీత కూడా చేరింది. ఆ గీత చూసి తల్లి, "అదెందుకే, శుభ్రంగా పేరు రాయక" అంది. గీత ఉంచమని నేను చెప్పాను.

మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతాలతో ఇంకో తలనొప్పి. పదేళ్ళు నిండిన పిల్లలు, బ్యాంకు పెట్టే పరిమితులకు లోబడి, ఖాతా తామే నడుపుకోవచ్చని రిజర్వు బ్యాంకు 2025లో మరోసారి చెప్పింది. చాలా ఇళ్ళలో మాత్రం ఆ ఖాతా ఉన్న సంగతి పిల్లలకే తెలియదు. పద్దెనిమిది నిండగానే కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇవ్వాలని పెద్దవాళ్ళకు తెలియదు. ఫీజు కట్టే చివరి రోజున, సాయంత్రం నాలుగు గంటలకు ఈ రెండు సంగతులూ ఒకేసారి తెలుస్తాయి.

అసలు పేచీ ఫోను నంబరు దగ్గర వస్తుంది. తల్లులు కౌంటరు మీదికి వంగి, గొంతు తగ్గించి అడుగుతారు: "మా నంబరే పెట్టండి మేడం, ఎంత ఖర్చు పెడుతున్నాడో మాకు తెలియాలి కదా." తెలుసుకోవాలనుకోవడంలో తప్పు లేదు. కానీ ఖాతాకు జతచేసిన సిమ్ ఏ ఫోనులో ఉంటే యూపీఐ ఆ ఫోనులోనే పనిచేస్తుంది. అబ్బాయి మెస్సు బిల్లు కట్టడానికి గుంటూరులో నిలబడితే ఓటీపీ నూజివీడు మామిడితోటలో ఉన్న తండ్రికి వెళుతుంది. ఆయన తోటలో ఉంటాడు, ఫోను ఇంట్లో ఛార్జింగులో ఉంటుంది.

మరీ పట్టుబట్టేవాళ్ళకు యూపీఐ సర్కిల్ గురించి చెబుతాను. 2024లో వచ్చింది. ఖాతా తండ్రిదే ఉంటుంది. ఒక్కో చెల్లింపు 5,000 రూపాయలకు, నెల మొత్తం 15,000కు మించకుండా పిల్లలు తమ ఫోను నుంచి ఖర్చు పెట్టుకోవచ్చు. వివరాలు తండ్రి ఫోనులో కనిపిస్తాయి. మొదటి నెలా రెండు నెలలకు మంచి ఏర్పాటే. ఆ తరవాత కూడా కొనసాగిస్తే, పిల్లవాడు తిన్న ప్రతి సమోసాకూ ఇంట్లో ఫోను మోగుతూనే ఉంటుంది. నన్నడిగితే నెల మొదట్లో ఒక మొత్తం పంపి ఊరుకోవాలి. ఇరవయ్యో తేదీకే అయిపోయిందా, మిగతా పది రోజులు ఎలా గడపాలో వాడే చూసుకుంటాడు. రూమ్మేటు దగ్గర అప్పు చేస్తాడు, తీరుస్తాడు. ఈ మాటంటే తల్లులు నన్ను రాక్షసిని చూసినట్టు చూస్తారు.

ఇంత ఆరా తీసే పెద్దవాళ్ళు ఎవరూ అడగని సంగతి ఒకటుంది. అది నేను పిల్లలకే చెబుతాను. హాస్టల్లో చేరాక సీనియరో, స్నేహితుడి స్నేహితుడో వచ్చి, నీ ఖాతా నెల రోజులు వాడుకుంటాం, ఏటీఎం కార్డూ సిమ్మూ ఇవ్వు, అయిదువేలిస్తాం అంటాడు. ఎవరినో మోసం చేసి లాగిన డబ్బు ఆ ఖాతాలోకి వచ్చి, గంటలో ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది. సైబర్ నేరం మీద 1930 హెల్ప్‌లైను నంబరుకు ఫిర్యాదు వెళ్ళిందంటే పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఖాతాదారు దగ్గరికే. దీన్ని మ్యూల్ ఖాతా అంటారు. పిల్ల చెడు తిరుగుళ్ళు తిరుగుతుందేమో, సిగరెట్టు అలవాటవుతుందేమో అని భయపడే తల్లిదండ్రులకు ఈ భయం ఉన్నట్టే తెలియదు. చెబితే మాత్రం ఒక్కసారిగా నిటారుగా కూర్చుంటారు.

భోజనం డబ్బా తెరవబోతుండగా ఆటోనగర్ నుంచి ఒకాయన వచ్చారు, కూతురితో. లేత్ మిషను మీద పని. చేతులు రుద్ది కడుక్కున్నట్టే ఉన్నారు గానీ గోళ్ళ అంచుల్లో నూనె నలుపు పోలేదు. అందుకేనేమో కాగితాలన్నీ ఆ అమ్మాయే పట్టుకుంది. ఇవాళ పొద్దుటి నుంచీ చూసినవాళ్ళలో కవరు పిల్ల చేతిలో ఉన్నది ఇక్కడే. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సీటు వచ్చింది. మొదటి విడత ఫీజు చీటీ పాడి కట్టారు. ఇక మీదటికి విద్యారుణం కావాలి.

ఆయన తువ్వాలులో చుట్టిన ఇంటి కాగితాలు తీసి నా బల్ల మీద పెట్టారు. అప్పంటే తాకట్టు అని వచ్చారు. వాటిని ముట్టుకోకుండానే వెనక్కి ఇచ్చేశాను. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలో ఉన్న విద్యాసంస్థల్లో సీటు వస్తే తాకట్టూ అక్కరలేదు, హామీదారూ అక్కరలేదు. దరఖాస్తు విద్యార్థే పోర్టల్లో పెట్టుకోవాలి. ఆయన నమ్మలేదు. "ఏమీ పెట్టుకోకుండా ఎలా ఇస్తారమ్మా?" అని రెండుసార్లు అడిగారు. కాగితాలు మళ్ళీ చుట్టి, చంకలో పెట్టుకున్నారు గానీ సంచిలో పెట్టలేదు.

అక్కడితో అయిపోలేదు. "అయితే అప్పు నా పేరున రాయండి, పిల్ల పేరున వద్దు" అన్నారు. విద్యారుణంలో అసలు రుణగ్రహీత విద్యార్థే అవుతుందనీ, తండ్రి ఆమెతో కలిసి సంతకం పెట్టాలనీ చెప్పాను. ఆయన గొంతు తగ్గించారు. "పెళ్ళి కావలసిన పిల్లమ్మా. రేపు సంబంధానికి వచ్చినవాళ్ళు అప్పుందంటే ఏమనుకుంటారు?"

నేను జవాబు వెతుక్కునేలోపే ఆ అమ్మాయి, "నువ్వుండు నాన్నా" అని నా వైపు తిరిగింది. "చదువుకునేటప్పుడు కూడా వడ్డీ పడుతుందా మేడం? కట్టడం ఎప్పటి నుంచి?" ఈ సీజనులో నన్ను ఈ ప్రశ్న అడిగిన మొదటి విద్యార్థి ఈ పిల్లే. వడ్డీ మొదటి రోజు నుంచే పడుతుంది, కానీ కోర్సు నాలుగేళ్ళూ, ఆ పైన మరో ఏడాదీ గడిచాకే వాయిదాలు మొదలవుతాయి అన్నాను. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపైతే ఇలాంటి సాంకేతిక కోర్సులకు ఆ కాలపు వడ్డీని ప్రభుత్వమే భరిస్తుంది, 8 లక్షల వరకైతే 3 శాతం రాయితీ. రెండూ 10 లక్షల రుణం దాకానే. దానికి తహశీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలి, వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి. అమ్మాయి కవరు వెనక అన్నీ రాసుకుంది. వాయిదా ఎంత పడుతుందో అడిగి, దాన్ని తొలి ఉద్యోగంలో జీతం ఇంత వస్తుందనుకున్న అంకె పక్కన వేసింది. ఆ అంకె కాస్త తగ్గించుకో అన్నాను. నవ్వి తగ్గించింది.

తండ్రి ఆ లెక్క వంక చాలాసేపు చూశారు. "అది నాకో కాగితం మీద తెలుగులో రాసివ్వు. మీ అమ్మకు నేను చెప్పాలి" అన్నారు. పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. ఒప్పుకున్నారో, ఇంట్లో మాట్లాడదామని ఊరుకున్నారో తెలియదు. ధ్రువపత్రం రాగానే వస్తామని వెళ్ళారు. నా డబ్బాలో పప్పన్నం చల్లారిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. మా అమ్మాయి విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగ్‌లో చేరింది. ఆ విశ్వవిద్యాలయం 1926లో మొదలైంది మా బెజవాడలోనే. తొలి వైస్ ఛాన్సలరు కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో వాల్తేరుకు తరలించారు. ఈ సంగతి ఎక్కడో చదివినప్పటి నుంచీ మా ఆయనకు అదొక బాధ. ఇక్కడే ఉంచి ఉంటే పిల్ల సిటీ బస్సులో వెళ్ళి రాత్రికి ఇంటికి వచ్చేది కదా అంటారు. ఎప్పుడో తాతల నాటి నిర్ణయం మీద అలిగే మనిషిని ఈయన్నే చూశాను.

రోజూ అడిగేదే మళ్ళీ అడిగారు. "బ్యాంకులోనే ఉంటావుగా, దాని ఖాతాలో ఎంతుందో ఒక్కసారి చూడరాదూ?" ఎవరి ఖాతా ఎవరు, ఏ వేళ తెరిచి చూశారో కంప్యూటర్‌లో నమోదవుతుందనీ, పని లేకుండా చూస్తే సంజాయిషీ రాసుకోవాలనీ ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు ఎక్కదు.

"కన్నకూతురిది చూస్తే తప్పేమిటి?"

"కన్నకూతురిదైతే మరీ తప్పు" అన్నాను.

ఎనిమిదింటికి మా అమ్మాయే ఫోను చేసింది. ఏదో దరఖాస్తుకు డీడీ, అంటే డిమాండ్ డ్రాఫ్టు, జతచేయాలట. డీడీ ఎలా ఉంటుందో కూడా తను చూడలేదు. "నువ్వు అక్కడ తీసి కొరియర్‌లో పంపేయమ్మా, నీకు రెండు నిమిషాల పని" అంది. ఎవరి పేరున తీయాలో అక్షరం పొల్లుపోకుండా రాసుకుని వెళ్ళు, విశాఖలో చెల్లేటట్టు తీయించు, మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి తీశాక దాచిపెట్టుకోకు అని చెప్పాను. కమిషన్ ఎంతవుతుందని అడిగింది. కౌంటరులో అడగమన్నాను. అక్కడ పెద్ద క్యూ ఉంటుందట. ఉంటుంది మరి, ఆగస్టు నెల.

ఆ మాటలు వింటూనే మా ఆయన రేపటి రత్నాచల్ రైలుకు టికెట్లున్నాయేమో చూడటం మొదలుపెట్టారు. వచ్చే వారం వినాయక చవితి, వెయిటింగ్ లిస్టు వందలు దాటి ఉంది.