నలభై ఒకటో పేజీలో పోయిన గురువు

మొదటి నవల రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అచ్చులో చూసుకోవడానికి ముప్పై ఎనిమిది వేలు పోయాయి. ఆ డబ్బు ఎలా పోయిందో, రెండో నవల అప్పుడు ఇంకా పెద్ద దెబ్బ నుంచి ఎలా తప్పించుకున్నానో చెబుతాను. ఫాంటసీ నవల రాసి బీరువాలో పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. ఇది వాళ్ల కోసమే.

నేను తెనాలి దగ్గర జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నా రాతంతా తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. లేని రాజ్యం గురించే కదా, ఏదైనా రాసేయొచ్చు అనుకుంటారు చాలామంది. అలా కుదరదు. నా బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. ఎడమ పేజీలో కథ నడిచే రోజు, తిథి రాస్తాను. కుడి పేజీలో ఆ రోజు ఎవరెక్కడున్నారు, గుర్రం మీద ఎన్ని ఆమడలు వచ్చారు అనేది ఉంటుంది. మొదటి నవలకి ఈ అలవాటు లేదు. పదమూడో అధ్యాయంలో విదియ నాటి నెలవంక పెట్టి, కథలో నాలుగు రోజులు గడిచేసరికి పదిహేనో అధ్యాయంలో పండువెన్నెల కురిపించాను. రాతప్రతి చదివిపెట్టిన రిటైర్డ్ తెలుగు మాస్టారు మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "అమ్మాయ్, నాలుగు రోజుల్లో పున్నమి ఎట్లా వచ్చింది?" అని రాశారు. ఆ వెన్నెల్లోనే నా సైన్యం ఏరు దాటాలి. రెండు అధ్యాయాలూ మళ్లీ మొదటి నుంచి రాశాను.

ఇక డబ్బు సంగతి. సీరియల్స్ వేసే వారపత్రికలు అప్పటికే ఒక్కొక్కటీ ఆగిపోతున్నాయి. ఆన్‌లైన్‌లో ఒక ప్యాకేజీ కంపెనీ కనిపించింది. ఎడిటింగ్, కవర్, ఐఎస్‌బీఎన్ (ప్రతి పుస్తకానికీ ఉండే గుర్తింపు సంఖ్య), ప్రచారం, రెండు వందల కాపీలు, అన్నీ కలిపి 38,000. కట్టేశాను. వచ్చినవి అరవై కాపీలు. ఎడిటింగ్ చేసిన జాడే లేదు. యూనికోడ్ నుంచి వాళ్ల డీటీపీ ఫాంట్‌లోకి మార్చేటప్పుడు కొన్ని వత్తులు ఎగిరిపోయాయి. 'రాజ్యం' అని ఉన్న ప్రతిచోటా 'రాజం' అని పడింది. రాత్రి భోజనాలయ్యాక కూర్చుని, అరవై కాపీల్లోనూ పెన్నుతో ఆ య-వత్తులు పెట్టాను. మావారు కూడా చెయ్యి వేశారు.

తర్వాత తెలిసింది, మన దేశంలో ఐఎస్‌బీఎన్‌కి రూపాయి కూడా కట్టక్కర్లేదు. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామ్‌మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగానే అప్లై చేసుకోవచ్చు. నా దగ్గర దానికి మూడు వేలు తీసుకున్నారు. పైగా ఆ నంబరు వాళ్ల పేరు మీదే ఉంది.

అంతకంటే భయపెట్టింది అగ్రిమెంటు. 'సర్వహక్కులూ' అని ఉన్నచోట చదవకుండా సంతకం పెట్టేశాను. లాయరుగా ఉన్న మా పెదనాన్నగారబ్బాయికి చూపిస్తే రెండుసార్లు చదివి, "అక్కా, కంగారు పడకు. ఎన్నాళ్లకో రాయలేదు వీళ్లు" అన్నాడు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు రాయకపోతే ఐదేళ్లనే లెక్కట. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనట. ఆ ఐదేళ్లు క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని ఎదురుచూశాను.

రెండో నవలను విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త తీసుకున్నారు. 500 కాపీలు, వెల 250, పది శాతం రాయల్టీ. అంటే కాపీకి 25 రూపాయలు, అన్నీ అమ్ముడైతే 12,500. ఈ లెక్క ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఎందుకంటే నవల మీద బతకొచ్చా అని అడిగేవాళ్లకి ఇదే జవాబు. నేను మాత్రం ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఈసారి అగ్రిమెంటు ప్రతి లైనూ చదివాను. అచ్చు పుస్తకం హక్కు ఐదేళ్లకు ఇస్తాను. ఆడియో, అనువాదం, సినిమా, వెబ్ సిరీస్ నావే అని అడిగాను. "సినిమా హక్కులు నేనేం చేసుకుంటానమ్మా, కొట్టేద్దాం" అని ఆయనే పెన్ను తీశారు. కొట్టేసిన చోట ఇద్దరం సంతకాలు పెట్టాం.

పుస్తకం వచ్చిన మూడు నెలలకు ఆ మెయిల్ వచ్చింది. పేరున్న నిర్మాణ సంస్థ పేరుతో, ఇంగ్లిష్‌లో, రెండు పేజీలు. నా నవల ఓటీటీ సిరీస్‌కి ఎంపికైందట. చదువుతుంటే ఏడుపొచ్చింది. నా రాత గురించి అంత పొడుగు ఉత్తరం అంతకుముందు ఎవరూ రాయలేదు. ఇలాంటివాళ్లు కొట్టేది సరిగ్గా అక్కడే. చదివేవాళ్ల కోసం మొహం వాచి ఉంటాం మనం.

నాలుగోసారి చదివినప్పుడు ఒక వాక్యం దగ్గర ఆగాను. "చివరి యుద్ధంలో భైరవభట్టు నాయకత్వం మమ్మల్ని కదిలించింది" అన్నది దాని సారాంశం. నా నవల్లో గురువు ఈ భైరవభట్టు. నలభై ఒకటో పేజీలోనే చనిపోతాడు. వెనక అట్ట మీద మాత్రం 'భైరవభట్టు ప్రతిజ్ఞ రాజ్యం తలరాత మారుస్తుందా?' అని ఉంటుంది. వాళ్లు చదివింది ఆ అట్టే.

అప్పుడు మెయిల్ అడ్రసు అక్షరం అక్షరం చూశాను. ఇంగ్లిష్ 'ఎం' ఉండాల్సిన చోట చిన్న 'ఆర్', చిన్న 'ఎన్' పక్కపక్కన ఉన్నాయి. ఫోన్‌లో చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. 2022 జనవరిలో న్యూయార్క్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఒక ఇటలీ యువకుణ్ణి అరెస్టు చేసింది. లండన్‌లో ఒక పెద్ద ప్రచురణ సంస్థ ఉద్యోగి అతను. ఇలాంటి అడ్రసులతోనే ఎడిటర్లలా, ఏజెంట్లలా నటించి, అచ్చుకాని రాతప్రతులు కొట్టేశాడు. పేరున్న రచయితలే మోసపోయారు.

'భైరవభట్టు ఎన్నో అధ్యాయంలో చనిపోతాడు?' అని జవాబు రాశాను. పది నిమిషాల్లో సమాధానం: ముప్పై రెండో అధ్యాయంలో, గుండెలు పిండేశారు అని. నా నవలకి ఇరవై ఎనిమిదే అధ్యాయాలు. కిందనే స్క్రీన్ ట్రీట్‌మెంట్ (నవలను తెరకు తగ్గట్టు మార్చి రాయడం) కోసం 65,000 పంపమని, తర్వాత తిరిగి ఇస్తామని ఉంది. ప్రచురణకర్తకి ఫోన్ చేస్తే, "కథ కావాల్సినవాళ్లు అడ్వాన్సు ఇచ్చి రాయించుకుంటారమ్మా, మన దగ్గర తీసుకోరు" అన్నారు. మెయిల్స్ అన్నీ జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టాను. డబ్బు పంపేసినవాళ్లు ఉంటే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ.

జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో స్టాల్ దగ్గర కూర్చున్నాను. పదో తరగతి పిల్ల ఒకతి వాళ్లమ్మ చెయ్యి వదిలించుకుని వచ్చింది. నా నవల సంచిలోంచి తీసి, మూల మడిచిన పేజీ తెరిచింది. నలభై ఒకటి.

"ఆంటీ, భైరవభట్టుని ఎందుకు చంపేశారు? ఆయన కొడుకు ఊళ్లోనే ఉన్నాడు కదా, వాడికి ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆ పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, సంచిలోంచి నోట్‌బుక్ తీశాను.