పక్క మంచం వాళ్లు

"బాబూ, కొంచెం నీళ్లు..." అన్నాడు పక్క మంచం పెద్దాయన. నాన్న దగ్గర కూర్చుని జపం చేసుకుంటున్నాను. మాల సగంలో ఉంది.

ఈయన కొడుకే పొద్దున ఫ్యాన్ స్పీడు గురించి నాతో గట్టిగా గొడవ పడ్డాడు. ఇప్పుడు ఎక్కడికి వెళ్లాడో లేడు.

మాల జేబులో పెట్టి లేచాను. నర్సుని అడిగితే కొద్దికొద్దిగా ఇవ్వచ్చంది. స్పూనుతో పట్టాను. తాగుతున్నంతసేపూ నా మణికట్టు వదల్లేదు, ఎక్కడ ఆపేస్తానో అన్నట్టు.

'లోకాః సమస్తాః సుఖినో భవంతు' అనడం తేలికే. లోకమంతా వచ్చి మన ఫ్యాన్ తగ్గించమనదు కదా! పక్క మంచం వాళ్లతోనే కష్టం.

గీత 12వ అధ్యాయం, 13వ శ్లోకంలో భక్తుడి లక్షణాలు చెబుతూ కృష్ణుడు ముందు చెప్పింది ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం. స్నేహం, కరుణ ఆ తర్వాతే. ఆ వరుస చూస్తే నాకు ఊరట. అందరినీ ఒక్కసారే ప్రేమించెయ్యమనలేదు.

జపం సగంలో ఆగిందన్న బెంగ కూడా కలగలేదు. పొద్దుట్నుంచీ ఉన్న టెన్షన్ ఎప్పుడు పోయిందో తెలీదు.

ఆ కొడుకు మీద ప్రేమ పుట్టిందా అంటే... ఇంకా అంత దూరం రాలేదు లెండి.