విండోస్ నుంచి లినక్స్‌కు మారాలా?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు వెళ్దామంటే, అది కోరే టీపీఎం 2.0 భద్రతా చిప్ గానీ, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ గానీ నా పాత ల్యాప్‌టాప్‌లో లేవు. యంత్రం మాత్రం నిక్షేపంగా పనిచేస్తోంది కనుక, దాన్ని మూలన పడేయడానికి మనసొప్పక, విండోస్‌కు బదులు వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ వైపు చూడటం మొదలుపెట్టాను.

లినక్స్‌లో మెచ్చుకోవలసిన సౌలభ్యం ఏమిటంటే, ఉబుంటు, మింట్ వంటి లినక్స్ రకాలను హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, స్పీకర్లు, టచ్‌ప్యాడ్, ప్రింటర్ సరిగా పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోవచ్చు. పెన్‌డ్రైవ్ వేగం తక్కువ కాబట్టి, అప్పుడు కనిపించే నెమ్మదిని బట్టి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

అసలు చిక్కు సాఫ్ట్‌వేర్‌తోనే. బ్రౌజర్‌లో చేసే పనులకు పెద్ద తేడా ఉండదు. లినక్స్‌లో నడిచే ఆఫీస్ ప్యాకేజీ అయిన లిబ్రేఆఫీస్, వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది గానీ, మాక్రోలు (ఫైల్లోని పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములు), క్లిష్టమైన పట్టికలు ఉన్నచోట ఇబ్బంది తప్పకపోవచ్చు. ఫొటోషాప్‌కు లినక్స్ వెర్షనే లేదు. విండోస్ ప్రోగ్రాములను లినక్స్‌లో నడపడానికి ఉన్న వైన్ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా కొన్ని నడిచినా, జీవనాధారమైన పనిని దాని మీద పెట్టుకోమని నేను ఎవరికీ చెప్పను. కొన్ని ఆన్‌లైన్ గేములు, మోసాలను అడ్డుకునే వాటి సొంత ఏర్పాట్ల కారణంగా, లినక్స్‌లో అసలు నడవవు. (నేను గేములు ఆడను కనుక ఆ బాధ నాకు లేదు.)

రెండు వ్యవస్థలనూ ఒకే డిస్క్‌లో ఉంచుకోవచ్చు. అయితే మద్దతు లేని విండోస్‌ను ఇంటర్నెట్‌లో వాడుతూ ఉంటే భద్రతా అప్‌డేట్లు రాని మొదటి సమస్య అలాగే మిగులుతుంది. అందుకే ఫైళ్లన్నిటినీ బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకుని, మింట్‌నే పూర్తిగా ఇన్‌స్టాల్ చేయాలని నిర్ణయించుకున్నాను; మాక్రోలు తప్పనిసరైన పనికి ఆఫీసు కంప్యూటర్ ఉండనే ఉంది.