నాని గారు, బుజ్జి బాబాయి

2019 జూన్‌లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గంలో ముగ్గురు నానిలు ఉండేవారు. ఆళ్ల కాళీకృష్ణ శ్రీనివాస్, కొడాలి వెంకటేశ్వరరావు, పేర్ని వెంకట్రామయ్య అని అసలు పేర్లు చదివితే విజయవాడలో చాలామంది ఒక్క క్షణం తడుముకుంటారు గానీ, ఆళ్ల నాని, కొడాలి నాని, పేర్ని నాని అంటే ఏలూరు, గుడివాడ, బందరు వరుసగా గుర్తుకు వస్తాయి. 2024లో విజయవాడ లోక్‌సభ స్థానంలో అన్నదమ్ములైన కేశినేని శ్రీనివాస్, శివనాథ్ తలపడినప్పుడు కూడా ఊరంతా దానిని నానికీ చిన్నికీ పోటీగానే చెప్పుకుంది, చిన్ని గెలిచారు.

హిందీవారికి నానీ అంటే అమ్మమ్మ కనుక, మన మంత్రుల పేర్లు వారికి కాస్త నవ్వు తెప్పించినా ఆశ్చర్యం లేదు. మనకు అది ఉయ్యాలలోని మగపిల్లవాడిని పిలుచుకునే ముద్దుపేరు. అయితే ఆ పిల్లవాడు పెద్దవాడై నలుగురిలో పలుకుబడి సంపాదించాక పేరు మారదు, పక్కన "గారు" మాత్రం వచ్చి చేరుతుంది. బెంగాలీలు ఇంట్లో పిలిచే డాక్‌నామ్‌ను, బయట వాడే భాలోనామ్‌ను వేరువేరుగా ఉంచుకుంటారు. కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో ఆ గోడను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. సత్యనారాయణపురంలోని మా సందులో కొరియర్ కుర్రవాడు కవరు మీది పేరు చదివి అడిగితే, అలాంటివారు ఇక్కడ లేరని ఇద్దరు ముగ్గురు ఖాయంగా చెప్పి పంపించారు. ఆ కవరు బుజ్జి బాబాయిది. ఆయనకు మనవలున్నారు, వారి స్నేహితులకు కూడా ఆయన బుజ్జి తాతయ్యే. వరుస కలపకుండా ఉత్త "బుజ్జీ" అని పిలిచే హక్కు మాత్రం ఆయన కంటే పెద్దవారికి, చిన్ననాటి స్నేహితులకే ఉంది. మరెవరు అలా పిలిచినా తగాదాయే.

అన్ని ముద్దుపేర్లకూ ఈ గౌరవం దక్కదు. ఉత్తరాదిన ఎందరో మగపిల్లల ముద్దుపేరైన పప్పు, రాజకీయాలలో తెలివితక్కువతనానికి వెక్కిరింతగా మారింది. చురుకు లేనివాడిని ముద్దపప్పు అనడం మనకు ముందే అలవాటు కనుక, ఆ వెక్కిరింత ఇక్కడ ఎవరూ విడమరచి చెప్పకుండానే అతుక్కుపోయింది.

ఆడవారి ముద్దుపేర్లకు కూడా ఆ యోగం తక్కువే, ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. చిట్టి, బేబీ అని పిలిపించుకున్న పిల్లలు బంధువులలో చిట్టి పిన్నిగా, బేబీ అత్తగా నిలిచిపోతారు. ఉద్యోగంలోనో రాజకీయాలలోనో అడుగుపెడితే అసలు పేరుతో "మేడమ్" అవుతారు. బెంజి సర్కిల్ ఫ్లెక్సీల మీద బుజ్జి అన్నకు పుట్టినరోజు శుభాకాంక్షలు ఉంటాయి గానీ, బుజ్జి అక్కకు నేను ఇంతవరకు చూడలేదు.