గాలి ఒక్క పూట, నీళ్ల కరువు వారం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి బీభత్సం ఆ ఒక్క రోజే. కరెంటు మాత్రం చాలా పేటల్లో రోజుల తరబడి రాలేదు. అపార్ట్‌మెంట్లలో కరెంటు లేకపోతే మోటారు ఆడదు, కుళాయిలో చుక్క రాదు. అందుకే అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం అన్న మాట వినబడగానే ముందు నీళ్ల సంగతి చూడండి.

తాగడానికీ వంటకీ మనిషికి రోజుకి నాలుగు లీటర్లు. నలుగురికి అయిదు రోజులకి 80, అంటే 20 లీటర్ల క్యాన్లు నాలుగు. రేవులో ప్రమాద సూచిక ఎగరేశాక కొనబోతే క్యాన్లు దొరకవు. బాత్‌రూముకి డ్రమ్ములు విడిగా నింపుకోండి, ఒక్కసారి పోయడానికే అయిదారు లీటర్లు పోతాయి. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే ఎగిరిపోతుంది, అంచు దాకా నింపాలి. మూత నైలాన్ తాడుతో కట్టాలి. అందరూ పట్టుకున్నాక కిందికి దిగే గేటు వాల్వు కట్టేయండి. గాలికి ఒక్క పైపు విరిగినా తెల్లారేసరికి ట్యాంకు మొత్తం కారిపోతుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. సంపులోకి వాననీరు దిగిందా, ఇక ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. మొత్తం తోడి, బ్లీచింగ్‌తో కడిగాకే మళ్లీ నింపాలి.

ఇన్వర్టరు లెక్క కూడా ముందే తెలిసుండాలి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ కాగితం మీద 1,800 వాట్-అవర్లు. చేతికొచ్చేది 1,200 అనుకోండి. మామూలు ఫ్యాను 75 వాట్లు, రెండు ఎల్‌ఈడీ బల్బులు 18. కలిపి పన్నెండు గంటలు, అంతే. పగలు ఇన్వర్టరే ఆపేసి రాత్రి ఆరేసి గంటలు వాడితే రెండు రాత్రులు గడుస్తాయి. ఫ్రిజ్‌ని దానికి తగిలించొద్దు.

కిటికీ అద్దాలకి టేపు వేస్తే పగలడం ఆగదు, పెంకులు కాస్త తక్కువ చెదురుతాయంతే. సముద్రం వైపు పెద్ద అద్దాలుంటే 12 మి.మీ. ప్లైవుడ్ బిగించడమే దారి. స్లైడింగ్ కిటికీల పట్టాలో నీళ్లు పోయే చిన్న కన్నాలు దుమ్ముతో పూడిపోతే వాన ఇంట్లోకే వస్తుంది, పుల్లతో పొడవండి. మేడ మీద నీళ్లు దిగే గొట్టాల నోళ్లూ అంతే. బాల్కనీలో పూలకుండీలు లోపలికి తెచ్చేయాలి.

తుఫాను కన్ను, అంటే దాని నడిమధ్య భాగం, మన మీదుగా వెళ్తే గాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది. దయచేసి అప్పుడు బయటికి రావద్దు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా కొడుతుంది. మొదట ఉత్తరం వైపు నుంచి వీస్తే, తర్వాత దక్షిణం వైపు నుంచి. అందుకే అటువైపు కిటికీలకీ ముందే గడియలు పెట్టుంచాలి.

చేతిలో నగదు, బండిలో పెట్రోలు, పది రోజుల మందులు, రెండో సిలిండరు. సెల్ టవర్లు పడిపోతే ఫోన్‌పే, గూగుల్‌పే ఏవీ పనిచేయవు. లిఫ్టుని పై అంతస్తులో నిలిపి మెయిన్ ఆపండి, కింద వదిలితే గుంతలో నీళ్లు చేరి పాడవుతుంది.

జనరేటరుని గోడ ప్లగ్గులోకి కలపొద్దు. ఆ కరెంటు వెనక్కి లైనులోకి వెళ్లి స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఇంటిని లైను నుంచి విడదీసి జనరేటరుకి మార్చే చేంజోవర్ స్విచ్ ఉంటేనే కలపాలి. రోడ్డు మీద తీగ తెగి కనబడితే దగ్గరికి పోకుండా 1912కి చెప్పండి.