వందలోంచి ఏడు తీసేస్తే: నా అనుభవం

నిన్న రెండోసారి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించుకుని వచ్చాను. ఎనిమిది నెలల కింద మొదటి పరీక్షలో జరిగింది ఇప్పటికీ గొంతులో అడ్డం పడుతూనే ఉంది. అందుకే మొత్తం రాసి పెడుతున్నాను. మా ఈడు మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా అక్కరకు రావచ్చు.

నాకు 66 ఏళ్లు. ఉండేది హన్మకొండలో. పరకాల, ములుగు, హసన్‌పర్తి... ఇట్లా ఊళ్లు తిరుగుతూ 33 ఏళ్లు సర్కారు హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి. రెండేళ్ల కింద బతుకమ్మ పండక్కి వారం ముందు పోయారు. ఆ ఏడు ఇంట్లో పండగ లేదు. తర్వాత వచ్చిన ఏడు పండగ చేసుకోవచ్చు గానీ నాకే మనసు పుట్టలేదు.

ఏడుపు కూడా రాలేదు. అదే అందర్నీ మోసం చేసింది, నన్నూ చేసింది. పాలు పొంగి గట్టంతా పారుతున్నా చూస్తూ నిలబడేదాన్ని. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. ఒళ్లంతా నొప్పులు. పేపర్లో ఒకే వార్త నాలుగుసార్లు చదివినా ఏం చదివానో తెలిసేది కాదు. బుక్ చేసిన గ్యాస్ మర్నాడు మళ్లీ బుక్ చేశాను. మా చెల్లెలు "అక్కా, నీకు మతిమరుపు వస్తాంది" అంది. హైదరాబాద్ నుంచి మా అబ్బాయి ఫోన్లో "అమ్మా, డిమెన్షియా కావచ్చు, ఆలస్యం చేయొద్దు" అన్నాడు. మతిని మెల్లమెల్లగా తినేసే జబ్బది. ఆ మాట విన్నాక రెండు రాత్రులు అసలే నిద్ర లేదు.

రక్త పరీక్షలు ఒక్క పూటలో అయిపోయాయి. థైరాయిడ్ బాగానే ఉంది. బీ12 కొంచెం తక్కువుంటే ఇంజెక్షన్లు రాశారు. మెదడు స్కానింగ్‌లో వయసుకు తగ్గ మార్పులు తప్ప ఏమీ లేదన్నారు.

ఇక జ్ఞాపకశక్తి పరీక్ష. ఆ ఆసుపత్రి పేరు రాయను. వరండాలో ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనక ఓపీ లైను. పాతికేళ్ల అబ్బాయి కాగితం పట్టుకుని "అవ్వా, గిట్ల కూసో" అన్నాడు. నాకు చెవుడు ఉందనుకున్నాడేమో, లైను మొత్తానికి వినిపించేలా అరుస్తున్నాడు. ఇది ఏ సంవత్సరం, ఏ నెల, ఏ జిల్లా? చెప్పాను. తర్వాత "వందలోంచి ఏడు తీసెయ్. మిగిలినదాంట్లోంచి మళ్ల ఏడు తీసెయ్. అట్ల తీసుకుంట పో" అన్నాడు.

93 అన్నాను. 86 అన్నాను. అప్పుడే అతని ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి "ఊఁ, చెప్పవ్వా" అన్నాడు. ఎక్కడున్నానో పోయింది. తడిగుడ్డతో తుడిచిన పలకలాగా లోపల ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే లైనులోంచి ఒకామె, చంకలో పిల్లతో, "మేడం, నమస్తే! టెన్త్‌ల మాకు లెక్కలు మీరే చెప్పిండ్రు" అంది. నేను "80" అన్నాను. తప్పని నోట్లోంచి వస్తుండగానే తెలిసింది. అతను ఏదో గీకి "రాకపోతే ఇడిచిపెట్టవ్వా" అన్నాడు. ఆ అమ్మాయి దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. తలెత్తి తన మొహం చూడలేకపోయాను. ఆమె పేరు కూడా అడగలేదు.

30కి 19 వచ్చాయి. ఆటోలో ఆ కాగితం చూస్తే పైన పేరు, వయసు, దాని కింద "చదువు: లేదు" అని ఉంది. అతను నన్ను అడగనే లేదు. నూలు చీర, నెరిసిన జుట్టు, రబ్బరు చెప్పులు చూసి రాసేశాడు.

ఇది నా పరువు సంగతి మాత్రమే అయితే ఊరుకునేదాన్ని. ఈ పరీక్షలో మార్కుల్ని మనిషి చదువుతో కలిపి తూకం వేస్తారు. బడికి పోని మనిషికి 19, ఎమ్మెస్సీ చదివిన మనిషికి 19 ఒకటి కావు. ఆ ఒక్క గడి తప్పయితే కింద డాక్టరు తేల్చేదీ తప్పవుతుంది. మర్నాడు వెళ్లాను. మొదటి కౌంటర్లో రెండో కౌంటర్‌కి పొమ్మన్నారు. అక్కడ "కంప్యూటర్లో ఎక్కింది, ఇంక మారదు" అన్నారు. గట్టిగా అడిగితే డాక్టరు సంతకం కావాలన్నారు. డాక్టరు సోమవారం దాకా సెలవు. సోమవారం పోతే, చదువుకున్నట్టు రుజువు తెమ్మన్నారు! ఇంటికొచ్చి బీరువా అడుగు నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఇచ్చిన 1982 నాటి పట్టా తీసి, పట్టుకెళ్లి వాళ్ల ముందు పెట్టాను. చదువు రాదని రాయడానికి ఏ కాగితమూ అడగని వాళ్లు, వచ్చని రాయడానికి పట్టా అడిగారు. దిద్దించేసరికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆసుపత్రి గడప మళ్లీ తొక్కలేదు, తొక్కను.

తర్వాత మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. అక్కడికి పోవడానికి మా వాళ్లు సిగ్గుపడ్డారు గానీ నేను పడలేదు. ఆమె గది తలుపు వేసింది. ఎప్పటినుంచి ఇలా ఉంది, ఎన్నింటికి మెలకువ వస్తుంది, ఇష్టమైన పని చేసి ఎన్నాళ్లయింది అని అడిగింది. అవును, కాదు అని చెప్పే 15 ప్రశ్నలు కూడా అడిగింది. "మేడం, ఇది డిప్రెషన్. మనసు పెట్టలేని దాన్ని మెదడు దాచుకోదు. పెద్ద వయసులో ఇది అచ్చం డిమెన్షియాలాగే కనిపిస్తుంది" అంది. అట్లా అని వదిలేస్తే ముందుముందు నిజం డిమెన్షియా ముప్పు పెరుగుతుందని కూడా చెప్పింది. ఒక మాత్ర రాసింది. మా వయసులో ఆ మాత్రతో రక్తంలో సోడియం పడిపోవచ్చట, రెండు వారాలకు పరీక్ష చేయించింది. మాత్రతో పాటు వేగంగా నడవమంది. పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 150 నిమిషాలకు చేరాలి.

లెక్కల టీచర్ని, రుజువు అడిగాను. ఆమె విసుక్కోకుండా చెప్పింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో 50 దాటిన, డిప్రెషన్ ఉన్న 156 మందికి 16 వారాల పాటు కొందరికి మాత్ర, కొందరికి వ్యాయామం, కొందరికి రెండూ ఇచ్చారట. 1999లో ఆ ఫలితాలు వచ్చాయి. మాత్ర ముందుగా పనిచేసింది గానీ, చివరికి మూడు గుంపులూ దాదాపు సమానంగా తేరుకున్నాయి. ఇంకోటి 2011లో వచ్చింది. డిప్రెషన్ లేని 120 మంది పెద్దవాళ్ల మీద చేశారు. ఏడాది పాటు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాలు నడిచినవాళ్లలో, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోకాంపస్ 2 శాతం పెరిగింది. ఒళ్లు సాగదీసే వ్యాయామాలే చేసినవాళ్లలో ఒక శాతానికి పైగా తగ్గింది. వయసుతో తగ్గాల్సింది పెరగడం! ఆ రోజే బూట్లు కొన్నాను.

బీపీ ఉంది కాబట్టి ముందు ఈసీజీ తీయించారు. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో లెక్క వేసుకుని వెళ్లాను: 220లోంచి 66 పోతే 154, అందులో 60 నుంచి 70 శాతం అంటే 92 నుంచి 108. డాక్టరమ్మ చూసి, నేను వాడే బీపీ మాత్ర గుండె వేగాన్ని తగ్గించే రకం, ఈ లెక్క కుదరదంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. కొలత అంతే. నేను 17వ ఎక్కం పైకి చదువుతూ చూసుకుంటాను.

వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడక. మొదటి మూడు వారాలు ఏ మార్పూ లేదు, ఇష్టమూ లేదు. పొద్దున మా చెల్లెలు ఫోన్ చేసి బూట్లు వేసుకున్నదాకా పెట్టేసేది కాదు. మోకాళ్లు నొచ్చాయి, వేగం తగ్గించానే తప్ప మానలేదు. ఎండాకాలం ఐదున్నరకే కట్ట మీద ఉండాలి, మన ఓరుగల్లు ఎండ తెలియనిది కాదు. వాన పడితే ఇంట్లోనే హాల్లో తిరిగేదాన్ని. ఏడో వారంలో ఒకరోజు పప్పు నోట్లో పెట్టుకుంటే ఉప్పు తక్కువైందనిపించింది. లేచి వేసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత రుచి తెలిసిన ముద్ద అది. ఆ నెలలోనే నిద్ర ఐదింటిదాకా పట్టడం మొదలైంది.

ఇప్పుడు 45 నిమిషాల్లో నాలుగు కిలోమీటర్లు నడుస్తాను. కట్ట మీద నాకంటే పదేళ్లు చిన్నవాళ్లు వెనకబడతారు. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

మన ఆడవాళ్లకు ఒక మాట. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ గంటసేపు తిరిగితే చెమట పడుతుంది, నలుగురితో మాట కలుస్తుంది. అది తొమ్మిది రోజులు చేసి మిగిలిన 356 రోజులు టీవీ ముందు కూర్చుంటున్నాం. గుడి చుట్టూ మెల్లగా చేసే ప్రదక్షిణలు భక్తికి సరే, గుండెకు చాలవు. నడుస్తున్నాం కదా అని ఎవరూ మాత్ర సొంతంగా ఆపొద్దు. డాక్టరు దగ్గరికి పోయే వీలు లేకపోతే మనసు బాధలకు సర్కారు పెట్టిన టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పరీక్షకు తీసుకెళ్లే పిల్లలు తలుపున్న గదిలోనే చేయమని అడగండి, కాగితం మీద చదువు గడి చూడండి.

నిన్నటి పరీక్ష డాక్టరమ్మ దగ్గరే. ఒక అమ్మాయి తలుపు వేసి, నీళ్లిచ్చి, ముందుగా "ఏం చదివారమ్మా?" అంది. ఎమ్మెస్సీ, బీఈడీ అని చెప్పాను, నా ముందే రాసింది. 93, 86, 79, 72, 65. "చాలమ్మా" అంది. 30కి 28 వచ్చాయి. మాత్ర ఇంకొన్నాళ్లు వాడాలన్నారు. గుర్తుపెట్టుకోమన్న మూడు మాటల్లో ఒకటి ఎంత తడుముకున్నా దొరకలేదు. ఇంటికొచ్చి గుమ్మంలో బూట్లు విప్పుతుంటే వచ్చింది: గొడుగు.