ఆల్బర్ట్ హాల్లో ఒక్క డ్రమ్ దెబ్బ

సౌత్ కెన్సింగ్టన్ స్టేషన్‌లో దిగితే మ్యూజియంల వైపు పోయే పొడవాటి సొరంగం ఒకటుంది. బయట వాన, అందుకని అందులోంచే నడిచాను. పైకొచ్చాక ఎగ్జిబిషన్ రోడ్డు పట్టుకుని తిన్నగా పోతే రాయల్ ఆల్బర్ట్ హాల్. లండన్‌లో నాకున్నవి మూడే రోజులు. అందులో ఒక పూట దీనికి పెట్టానంటే ఇంట్లోవాళ్ళు నవ్వారు. కచేరీ లేనప్పుడు కచేరీ హాలు చూడ్డమేంటని.

నేను చూడాలనుకున్నది 1969 సెప్టెంబర్ 24 రాత్రిని. ఆ రాత్రి ఇక్కడ డీప్ పర్పుల్ అనే రాక్ బ్యాండ్, రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఒకే వేదికెక్కాయి. బ్యాండ్‌లో కీబోర్డు వాయించే జాన్ లార్డ్ రెంటికీ కలిపి మూడు భాగాల కన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాకు ఎదురుగా మరొకరు వాయించే రచన, రాశాడు. కండక్టర్ మాల్కం ఆర్నాల్డ్. కాలేజీ రోజుల్లో ఎవరో కాపీ చేసిచ్చిన క్యాసెట్‌లో దాన్ని మొదటిసారి విన్నాను. సగం గరగర. ఏది వయొలినో, ఏది టేపు చప్పుడో తేల్చుకోలేని రికార్డింగ్.

హాలు గుండ్రం, తలుపులకు నంబర్లు. నాకు కావలసింది 12వది. తప్పు వైపు నుంచి మొదలుపెట్టి దాదాపు చుట్టంతా తిరిగొచ్చేసరికి టూర్ మొదలైపోయింది. ప్రదక్షిణం పూర్తయిందనుకుని, ఆయాసపడుతూ గుంపు వెనక చేరాను.

లోపల అడుగుపెట్టగానే ఎవరైనా తలెత్తి చూస్తారు. గోపురం కింద పెద్ద పెద్ద పళ్ళేల్లాంటి ఫైబర్‌గ్లాస్ బిళ్ళలు వేలాడుతుంటాయి. వాటిని పుట్టగొడుగులంటారు. 1871లో హాలు తెరిచిన నాటి నుంచీ ఇక్కడ ప్రతిధ్వని పెద్ద తలనొప్పి. పాట ఒకసారి పాడితే రెండుసార్లు వినిపించేదని ఎగతాళి. 1960ల చివర్లో ఈ బిళ్ళలు కట్టాకే కాస్త దారికొచ్చింది.

ఆ సాయంత్రం ఏదో కార్యక్రమం ఉన్నట్టుంది, వేదిక సర్దుతున్నారు. ఫొటోలు వద్దన్నారు. వరసగా కుర్చీలు, వాటి ముందు నోట్స్ పెట్టుకునే స్టాండ్లు, మధ్యలో డ్రమ్ సెట్. డ్రమ్ సెట్ చుట్టూ మనిషెత్తు పారదర్శక ప్లాస్టిక్ పలకలు, ఒక పలక ఇంకా నేల మీదే ఉంది. గైడ్ ఏదో రాణిగారి బాక్సు గురించి చెబుతోంది. అంతలో పనివాడొకడు స్నేర్ అనే చిన్న డ్రమ్ము మీద ఒక్కటంటే ఒక్క దెబ్బ కొట్టాడు.

గైడ్ ఆగిపోయింది. ఆ దెబ్బ సూటిగా ఛాతీకి తగిలి, పైకెళ్ళి, ఆ బిళ్ళల మధ్య చెదిరి సన్నగా రాలింది. అప్పుడర్థమైంది ఆ పలకలెందుకో. డ్రమ్ముల పక్కనే వయొలిన్ మైకు పెడితే అందులో పడేది వయొలిన్ కాదు, డ్రమ్మే. ఇప్పుడైతే ఒక్కో తీగవాద్యానికి చిన్న మైకు తగిలిస్తారు, వాయించేవాళ్ళు చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటారు. 1969లో అంత హంగు లేదు. ఆర్కెస్ట్రాలో కొందరికి ఈ రాక్ కుర్రాళ్ళతో వాయించడమే చిరాకు, ఆ పైన యాంప్లిఫయర్ల హోరు.

లార్డ్ తెలివి ఏమిటంటే, మొదటి భాగంలో ఇద్దరినీ కలపడానికి ప్రయత్నించనే లేదు, పోట్లాడించాడు. ఆర్కెస్ట్రా ఒక మాటంటే బ్యాండ్ అడ్డం తగులుతుంది. నాకు మొత్తంలో అదే ఇష్టం. రెండో భాగంలో ఇయన్ గిలన్ పాడతాడు, అప్పటికి అతను బ్యాండ్‌లో చేరి కొన్ని నెలలే. బాగానే ఉంటుంది, మర్యాదగా ఉంటుంది. గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌కు ఈ మర్యాద అంతగా రుచించలేదు. మరుసటి ఏడాది వచ్చిన వాళ్ళ ఆల్బమ్‌లో ఆర్కెస్ట్రా ఊసే లేదు.

ముప్ఫై ఏళ్ళ తర్వాత, 1999 ఏప్రిల్‌లో, హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా మైకేల్ కేమెన్ కండక్టర్‌గా శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి వాయించింది. అభిమానులు తిట్టుకున్నా సరే, పాత పాటల్లో చాలావాటికి ఆర్కెస్ట్రా వెనక గోడకు వేసిన రంగులాగే ఉందంటాను. 1986లో రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ వాళ్ళు ర్యాప్ బృందం రన్-డీఎంసీతో చేసిన పాటలో ఈ బాధే లేదు. గిటార్ రిఫ్ (మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న ముక్క), ర్యాప్ రెండూ లయ మీదే బతికేవి, గొంతు చించుకుని ఒకదాన్నొకటి గెలవాల్సిన పని లేదు.

ఇదే హాల్లో 2002 నవంబర్ 29న బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ సంస్మరణ కచేరీ జరిగింది. దానికోసం రవిశంకర్ ఒక రచన చేస్తే కూతురు అనౌష్క నడిపించింది. భారతీయ వాద్యాల నడుమ కూర్చున్న ఎరిక్ క్లాప్టన్ చేతిలో ఉన్నది అకూస్టిక్ గిటార్. రాక్‌లో అంత పేరున్నవాడు గొంతు తగ్గించుకుని, ఇంకొకరు రాసిచ్చిన దారిన పోవడం చూడ్డానికి ముచ్చటేస్తుంది. వేదికకేసి చూస్తూ అతనెక్కడ కూర్చుని ఉంటాడా అని వెతుక్కున్నాను. గుంపు ముందుకెళ్ళిపోతే గైడ్ వెనక్కొచ్చి పిలవాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ట్యూబ్ రైలెక్కి, ఫోన్‌లో 1969 రికార్డింగ్ పెట్టుకున్నాను. లార్డ్ రాసిన ఆ స్కోరు, అంటే అన్ని వాద్యాల నోట్స్ ఉన్న ప్రతి, 1970లో పోయింది. కాగితాలు ఏమయ్యాయో తేలలేదు. చాలా ఏళ్ళకు మార్కో డి గోయి అనే డచ్ సంగీతకారుడు రికార్డింగ్ వింటూ, వీడియో చూస్తూ నోట్స్ మళ్ళీ రాసుకుని లార్డ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇద్దరూ కూర్చుని ఖాళీలు పూరించారు. 1999 సెప్టెంబర్‌లో లండన్ సింఫనీతో ఇదే హాల్లో మళ్ళీ వాయించారు.

డ్రమ్ముల కింద నలిగిపోయిన వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది) ఏం వాయిస్తోందో చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టడమంటే ఎలాంటి పనో చూద్దామని ఒక ముప్ఫై సెకన్ల ముక్కను వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. నాలుగోసారి ఏదో దొరికినట్టే అనిపించింది. ఐదోసారి అది రైలు చక్రాల చప్పుడని తేలింది. అప్పటికే నా స్టేషన్ దాటి రెండు స్టేషన్లు ముందుకొచ్చేశాను.